ముక్క పరీక్షకు గురి కుదరాలంటే

సంపాదకులు గారికి,

నమస్కారం. తిరుపతిలో క్యాన్సర్ వైద్యం గురించి వచ్చే వార్తలు ఎక్కువగా యంత్రాల చుట్టూనే తిరుగుతున్నాయి. స్విమ్స్, రుయా ఆసుపత్రులు, టాటా ట్రస్టుల చేయూతతో వచ్చిన క్యాన్సర్ ఆసుపత్రి స్వీకార్ ఒకే ఊళ్లో ఉండడం రాయలసీమకు చిన్న సంగతేం కాదు. ఒంట్లో గడ్డ తగిలితే వేలూరు బస్సెక్కడం తప్ప వేరే దారి తెలియని చిత్తూరు, పలమనేరు, పుంగనూరు వాళ్లకు ఇది పెద్ద ఊరట. అయితే ఎంత ఖరీదైన మందైనా, ఎంత గొప్ప రేడియేషన్ యంత్రమైనా పని మొదలుపెట్టేది సేమియా పోగంత ముక్క చూసి చెప్పిన మాట మీదే. ఆ ముక్క పక్క చోటు నుంచి వచ్చిందా, తర్వాత నడిచే వైద్యమంతా పక్కదారే.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సూదితో ముక్క తీసే పరీక్షను (బయాప్సీని) మెరుగుపరచడమంటే ఎంఆర్‌ఐ బొమ్మను కలిపి చూపే ఫ్యూజన్ యంత్రం కొనడమే అన్న అభిప్రాయం బలపడుతోంది. రోజూ ఈ పనిలో ఉండేవాళ్లుగా మా లెక్క వేరు. గురి తప్పే చోట్లలో చాలావాటికి కోట్లు అక్కర్లేదు. కొన్నింటికి పైసా ఖర్చు లేదు. ఏ ఆసుపత్రినీ వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. పని ఎక్కడ చెడుతుందో, ఎందుకు చెడుతుందో పాఠకులకూ, కొనుగోళ్లు చూసే అధికారులకూ తెలియాలని ఈ ఉత్తరం.

ముందు తెర సంగతి. స్కానింగ్‌లో ఒంటికి ఆనించే పిడిని ప్రోబ్ అంటారు. అది ఆనించగానే లోపలున్నదంతా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది చూపేది ఒక పల్చటి పొరనే. చీకటి గదిలోకి తలుపు సందులోంచి పడే ఎండ చారను గుర్తు తెచ్చుకోండి. చారలో తేలే దుమ్మే మెరుస్తుంది, వేలెడు పక్కనున్నది కనబడదు. ప్రోబ్ పంపే ధ్వని చార మందం లోతును బట్టి ఒకటి రెండు మిల్లీమీటర్ల నుంచి నాలుగైదు మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. సూది మొత్తం అందులో పడుకుంటేనే మొదలు నుంచి కొన దాకా కనిపిస్తుంది. కాస్త ఏటవాలుగా చారను దాటిపోతే, దాటిన చోట సూది నడుమే తెర మీద కొనలా కనిపిస్తుంది. అసలు కొన ఇంకా లోపల, కంటికి అందని చోట ఉంటుంది. రొమ్ము వెనక ఊపిరితిత్తి, కాలేయం పక్కన పేగు ఉన్నప్పుడు ఈ పొరపాటు ఎక్కడికి దారితీస్తుందో విడమరచి చెప్పనక్కర్లేదు.

దీనికి తోబుట్టువు లాంటి పొరపాటు ఇంకోటుంది. గడ్డ 5 మి.మీ., చార మందం 4 మి.మీ. అనుకుందాం. సూది గడ్డను ఒరుసుకుంటూ పక్కనుంచి పోయినా రెండూ ఒకే చారలో ఉన్నాయి కాబట్టి, సూది గడ్డలోనే దిగినట్టు తెర చెబుతుంది. బొమ్మ చక్కగా ఉంటుంది, రిపోర్టు మాత్రం ‘కొవ్వు తప్ప మరేమీ లేదు’ అని వస్తుంది. విరుగుడు చాలా తేలిక: సూదిని కదలనివ్వకుండా ప్రోబ్‌ను 90 డిగ్రీలు తిప్పి చూడడమే. గడ్డ నడిమధ్యన సూది తెల్లటి చుక్కలా కనిపిస్తే గురి కుదిరినట్టు. చుక్క అంచునో బయటో ఉంటే వెనక్కి లాగి మళ్లీ వెళ్లాలి. ఈ అడ్డు బొమ్మను కూడా దాచి రిపోర్టుకు జతచేయడం తప్పనిసరి చేస్తే, గురి తప్పిన కేసుల్లో ఎక్కువ భాగం బల్ల మీదే దొరికిపోతాయి.

సూది కనిపించకపోవడానికి రెండో కారణం కోణం. నున్నటి లోహం అద్దంలాంటిది. ధ్వని దానికి ఎదురుగా తగిలితేనే తిరిగి ప్రోబ్‌కు వస్తుంది, లేకపోతే ఎటో జారిపోతుంది. కాబట్టి సూది ప్రోబ్ ముఖానికి ఎంత సమాంతరంగా ఉంటే అంత బాగా వెలుగుతుంది. గడ్డ 3 సెం.మీ. లోతున, ప్రోబ్ అంచు నుంచి 2 సెం.మీ. లోపలికి ఉందనుకోండి. అంచు దగ్గరే గుచ్చితే కోణం సుమారు 56 డిగ్రీలు, సూది సగం మాయం. అంచుకు మరో 2 సెం.మీ. దూరం జరిగి గుచ్చితే అదే కోణం 37 డిగ్రీలకు దిగుతుంది, సూది గీత గీసినట్టు కనిపిస్తుంది. దీనికి చెల్లించే మూల్యమూ ఉంది: సూది నడిచే దూరం 3.6 సెం.మీ. నుంచి 5 సెం.మీ. అవుతుంది, మత్తుమందు కాస్త ఎక్కువ పడుతుంది, సన్నటి సూదైతే దారిలో వంగే వీలూ పెరుగుతుంది. రొమ్ములో మాత్రం ఈ మూల్యం చెల్లించి తీరాల్సిందే. అక్కడ సూది ఛాతీ గోడకు సమాంతరంగా పోకపోతే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం ఉంది.

చాలా యంత్రాల్లో సూదిని వెలిగించే మీట ఒకటి ముందే ఉంటుంది. అది ధ్వని చారలను సూది వైపు వంచి పంపుతుంది. యంత్రం బిగించిన రోజు కంపెనీ మనిషి చూపించి వెళ్తాడు, ఆ తర్వాత దాని మీద దుమ్ము పడుతుంది. ముఖం చదునుగా ఉండే లీనియర్ ప్రోబ్ మీద, సూది చారలోనే ఉన్నప్పుడు, సూది ఏ పక్కనుంచి వస్తోందో ఆ పక్కకే వంపు పెట్టినప్పుడు అది బాగా పనిచేస్తుంది. ఎడమ నుంచి సూది వస్తుంటే కుడికి వంపు పెట్టి ‘ఈ మీట దండగ’ అనడం మామూలే. కొత్త యంత్రం అడిగే ముందు ఉన్నదానిలోని మీటలన్నీ ఒక పూట కూర్చుని నొక్కి చూడాలని మా మనవి.

సూది దారి తప్పకుండా ప్రోబ్‌కు తగిలించే బ్రాకెట్, అంటే నీడిల్ గైడ్, ఇంకో చవకైన సాధనం. తెర మీద చుక్కల గీత వస్తుంది, సూది ఆ గీత వెంటే పోవాలి. కాలేయం, కిడ్నీ లాంటి లోతైన చోట్ల కొత్త చేతులకు ఇది పెద్ద ఆసరా. కానీ గైడ్‌ను కళ్లు మూసుకుని నమ్మకూడదు. బ్రాకెట్ అరిగినా, వేరే ప్రోబ్‌ది తెచ్చి తగిలించినా గీత ఒక దారి, సూది ఒక దారి. నెలకోసారి నీళ్ల టబ్బులో పరీక్షించాలి: ప్రోబ్ ముఖం నీళ్లలో ముంచి, గైడ్ గుండా సూది దింపి, చుక్కల గీత నుంచి ఎంత తొలగిందో కొలవాలి. రెండు మూడు మిల్లీమీటర్లు దాటితే ఆ బ్రాకెట్ మార్చేయాలి. ఇక్కడో చిన్న చిక్కుంది. శరీరంలో ధ్వని సెకనుకు 1540 మీటర్లు పోతుందన్న లెక్కతో యంత్రం లోతు కట్టేస్తుంది. 30 డిగ్రీల నీళ్లలో అది సుమారు 1509 మీటర్లే. అందుకే నీళ్లలో 10 సెం.మీ. లోతున్న వస్తువు 10.2 దగ్గర కనిపిస్తుంది. ఆ 2 మి.మీ. నీళ్ల తప్పే, గైడ్ తప్పు కాదు.

గైడ్ సరిగ్గా ఉన్నా సూది వంగవచ్చు. కొన ఒకవైపే చెక్కి ఉంటే, కణజాలం తోసే బలానికి సూది చెక్కు ముఖానికి ఎదురు దిక్కుకు జరుగుతుంది. సన్నటి సూది, పొడవు దారి, గట్టి కండ కలిస్తే వంపు కంటికే కనిపిస్తుంది. సగం దారిలో సూదిని తన చుట్టూ తాను 180 డిగ్రీలు తిప్పితే ఒకవైపు పోయిన వంపు రెండోవైపు కొంత సర్దుకుంటుంది.

ఇక ముక్క కోసే స్ప్రింగ్ పరికరం, గన్. గేజ్ అంకె పెరిగిన కొద్దీ సూది సన్నబడుతుంది: ముక్క తీసే 14 గేజ్ సూది బయటి మందం సుమారు 2.1 మి.మీ., 18 గేజ్‌ది 1.27. స్ప్రింగ్ గన్ నొక్కగానే ముందు లోపలి కడ్డీ దూసుకుపోతుంది, దాని గాడిలోకి కణజాలం పడుతుంది, రెప్పపాటులో పైనున్న గొట్టం వచ్చి కోసేస్తుంది. ఈ దూకుడు ఎక్కువ గన్‌లలో 22 మి.మీ. నొక్కకముందు తెర మీద కనిపించే కొన, నొక్కాక రెండు సెంటీమీటర్లకు పైగా ముందుంటుంది. ఆ దారిలో ఏముందో ముందే కొలుచుకోవాలి. రక్తనాళం ఉందేమో, రక్త ప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌లో చూడాలి. చూసేటప్పుడు ప్రోబ్‌ను అదిమితే చిన్న నాళాలు నొక్కుకుపోయి ఏమీ లేనట్టే ఉంటుంది, కాబట్టి చెయ్యి తేలిగ్గా ఉంచాలి. ఇంకో సంగతి: కడ్డీ చివర కొన్ని మిల్లీమీటర్ల మొనలో గాడి ఉండదు, అక్కడ ముక్క పడదు. 8 మి.మీ. గడ్డలోకి ముందే కొన దూర్చి నొక్కితే గాడిలో సగం గడ్డ ఆవలి కణజాలమే పడుతుంది. గడ్డకు ఇవతలి అంచున ఆగి నొక్కాలి. మెడలోనో చంకలోనో పెద్ద నాళం ఆనుకుని ఉంటే కడ్డీని తెర మీద చూస్తూ చేత్తో తోసి, గొట్టం మాత్రమే స్ప్రింగ్‌తో కోసే సెమీ ఆటోమేటిక్ గన్ మేలు. ప్రతి సెంటర్‌లో రెండు రకాలూ ఉండాలి.

ఒకసారి వాడి పారేయాల్సిన సూదుల గురించి సున్నితంగా చెప్పే ఓపిక మాకు లేదు. ఉడకబెట్టి, మందులో నానబెట్టి మళ్లీ వాడే పద్ధతి ఎక్కడున్నా ఆగాలి. హెపటైటిస్ భయం ఒకెత్తు. అంచు మొద్దుబారిన సూది కొయ్యదు, నలుపుతుంది. నలిగిన కణాలు మైక్రోస్కోపు కింద సిరా మరకల్లా ఉంటాయి, చూసేవాళ్లు ఏమీ తేల్చలేరు. గన్ దాచుకుని సూది మాత్రం మార్చే రకాలు ఉన్నాయి, ఖర్చు తగ్గించుకోవాలంటే అదే దారి.

మత్తు ఇంజెక్షన్ దగ్గర కూడా గురి చెడుతుంది. సిరంజిలో గాలి బుడగ ఉంటే అది గడ్డ ముందు తెల్లగా నిలబడి వెనక నీడ పరుస్తుంది. ఇక సగం గడ్డ కనబడదు, గాలి కరిగేదాకా కూర్చోవాలి. సిరంజిని నిలబెట్టి తట్టి గాలి పంపేశాకే గుచ్చాలి. 2 శాతం లిగ్నోకెయిన్‌ను అంతే సెలైన్‌తో కలిపితే 1 శాతం అవుతుంది, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు. కిలో బరువుకు 4.5 మిల్లీగ్రాముల హద్దు ప్రకారం 60 కిలోల మనిషికి 27 మిల్లీలీటర్లకు మించకూడదు. మామూలుగా 5 నుంచి 10 సరిపోతుంది. దాన్ని గడ్డ కింద పరిస్తే గడ్డ ఛాతీ గోడ నుంచి కాస్త పైకి లేస్తుంది. అదే మందుతో రెండు పనులు.

అవయవాలన్నిటి గురించి రాస్తే పత్రిక చాలదు. కాలేయానికి రెండు మాటలు: పక్కటెముక పై అంచు మీదుగా వెళ్లాలి, కింది అంచును ఆనుకుని నాళాలు, నరం ఉంటాయి. ఊపిరి బిగబట్టడం ముందు రెండుసార్లు సాధన చేయించాకే సూది పట్టాలి. థైరాయిడ్‌కు సన్నటి 25 లేదా 27 గేజ్ సూది చాలు, గట్టిగా పీల్చితే రక్తమే వస్తుంది. అక్కడ పరీక్ష చెడేది ఎక్కువగా స్లైడ్ మీద. పనికొచ్చే నమూనా అనాలంటే ఒక్కో గుంపులో కనీసం 10 కణాలతో 6 గుంపులు కనిపించాలి. 95 శాతం ఆల్కహాల్‌లో వేయాల్సిన స్లైడ్‌ను పూసిన వెంటనే ముంచాలి. పైన ఫ్యాన్ గిర్రున తిరుగుతుంటే ఆ రెండు మూడు సెకన్లలోనే అది ఆరిపోతుంది. మన ఎండాకాలంలో ఫ్యాన్ ఆపమంటే అందరికీ చిరాకే, అయినా ఆ ఒక్క నిమిషం ఆపాలి.

మెడ బిళ్లల గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. మన ప్రాంతంలో మెడలో బిళ్ల కట్టిందంటే టీబీ కావచ్చు, లింఫోమా (ఆ బిళ్లల్లోనే పుట్టే క్యాన్సర్) కావచ్చు, నోటిలోంచో గొంతులోంచో పాకిన క్యాన్సర్ కావచ్చు. తీసిన ముక్కలన్నీ అలవాటుగా, కుళ్లకుండా నిలవుంచే ఫార్మలిన్ సీసాలో పడేస్తారు. ఫార్మలిన్ టీబీ క్రిమిని చంపేస్తుంది, ఇక క్రిమిని పెంచి చూసే కల్చర్ రాదు, క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ పరీక్షకు ఆ నమూనా పనికిరాదు. రిపోర్టులో ‘గ్రాన్యులోమా (వాపు కణాల గుంపు) ఉంది, టీబీ కావచ్చు’ అని వస్తే, క్రిమి మందుకు లొంగుతుందో లేదో తెలియకుండానే చికిత్స మొదలుపెట్టాలి, లేదా ఆ మనిషిని మళ్లీ పొడవాలి. గుచ్చకముందే రెండు సీసాలు పెట్టుకుంటే ఈ బాధ లేదు. ఒకదాంట్లో ఫార్మలిన్, రెండోదాంట్లో శుభ్రమైన సెలైన్. ఒక ముక్క, లేదా సూదికి వచ్చిన చీము, సెలైన్ సీసాలో వేసి అదే రోజు టీబీ ల్యాబుకు పంపాలి. టీబీ కార్యక్రమం కింద ఆ పరీక్ష ఉచితమే. రెండు సీసాల మీదా లేబుల్ మూత మీద కాకుండా సీసా ఒంటికి అంటించాలి. మూతలు మారిపోతాయి, సీసాలు మారవు.

బిళ్లలో ఎక్కడ పొడవాలన్నదీ ముఖ్యమే. నడుమ నల్లగా కరిగిపోయిన చోటు పెద్దగా, తేలిగ్గా దొరుకుతుంది, కానీ అక్కడ బతికున్న కణాలు ఉండవు. అంచున మందంగా ఉన్న పొర నుంచి, డాప్లర్‌లో రక్తం ఆడుతున్న చోట నుంచి క్యాన్సర్ కోసం ముక్క తియ్యాలి. టీబీ పరీక్షకైతే నడుమ చీమూ తియ్యాలి. లింఫోమా అనుమానం ఉంటే సన్నసూది పరీక్ష చాలదు, లావు సూదితో ముక్కలైనా ఉండాలి, బిళ్ల మొత్తమైనా తీయాలి.

సీసా సంగతి ఇంకొంచెం. 10 శాతం ఫార్మలిన్ అంటే 10 శాతం ఫార్మాల్డిహైడ్ అనుకునేవాళ్లు ఉన్నారు. అది బజారులో దొరికే 37 నుంచి 40 శాతం ద్రావణం ఒక వంతు, నీళ్లు 9 వంతులు. అంటే అసలు ఫార్మాల్డిహైడ్ సుమారు 4 శాతమే. లీటరుకు 4 గ్రాముల సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, 6.5 గ్రాముల డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ కలిపితే అది బఫర్ చేసిన ఫార్మలిన్. ఈ లవణాలు వేయకపోతే నిలవున్న కొద్దీ పులిసి, స్లైడ్ మీద నల్లటి రవ్వలు పేరుస్తుంది. ముక్క తీసిన గంటలోపు, వీలైతే ఆ నిమిషంలోనే అందులో పడాలి. రొమ్ము క్యాన్సర్‌లో ఏ మందు పనిచేస్తుందో చెప్పే ఈఆర్, పీఆర్ (హార్మోన్ పరీక్షలు), హెర్2 పరీక్షలు నమ్మదగ్గవి కావాలంటే ముక్క కనీసం 6 గంటలు ఫార్మలిన్‌లో ఉండాలి, 72 గంటలు దాటకూడదు. ముక్క సన్నం కదా, రెండు గంటల్లో మందు లోపలికి పోయుంటుందని తొందరపడతారు. లోపలికి పోవడం వేరు, పట్టడం వేరు. సరిగ్గా పట్టని ముక్కలో హార్మోన్ పరీక్ష ‘లేదు’ అని తప్పుగా రావచ్చు, ఏళ్ల తరబడి పనిచేసే మాత్ర ఆ మహిళకు దక్కకుండా పోవచ్చు. ఇక రెండో చివర: భోగి ముందురోజు సాయంత్రం తీసిన ముక్క కనుమ మర్నాటిదాకా ల్యాబు గుమ్మం దాటకపోతే 72 గంటలు ఎప్పుడో దాటాయి. తీసిన తేదీతో పాటు ఫార్మలిన్‌లో వేసిన గంట, నిమిషం సీసా మీద రాయాలి. ఈ ఒక్క గీత లేని సీసాను ల్యాబులు తిప్పి పంపినా మేం తప్పుపట్టం.

ముక్క బాగా పడిందో లేదో అక్కడికక్కడే తెలిసే ఉపాయమూ ఉంది. ముక్కను గాజుపలక మీద మెల్లగా అద్ది, టొలుయిడిన్ బ్లూ అనే రంగు చుక్క వేస్తే రెండు మూడు నిమిషాల్లో కణాలు ఉన్నాయో లేవో తెలుస్తుంది. ముక్కను చూసి జబ్బు తేల్చే పెథాలజిస్టు పక్క భవనంలో ఉంటే మైక్రోస్కోపు కంటికి ఫోన్ బిగించి బొమ్మ పంపినా చాలు. మళ్లీ రమ్మని కుప్పం మనిషిని తిప్పి పంపడం కంటే పది నిమిషాలు ఆగి ఇంకో ముక్క తీయడం నయం.

ఇప్పుడు ఫ్యూజన్ యంత్రం దగ్గరకు వద్దాం. మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రొస్టేట్ గ్రంథిలో క్యాన్సర్ అల్ట్రాసౌండ్‌కు సరిగ్గా కనిపించదు, ఎంఆర్‌ఐలో బాగా కనిపిస్తుంది. ముందు తీసిన ఎంఆర్‌ఐ బొమ్మ మీద అనుమానం ఉన్న చోటు గుర్తుపెట్టి, దాన్ని అప్పటికప్పుడు కదిలే అల్ట్రాసౌండ్ బొమ్మ మీద పరచడమే ఫ్యూజన్. మంచి సాంకేతికతే, కాదనం. కానీ దాని లెక్కంతా రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోవడం మీద ఉంది. ప్రోబ్ వెనక నుంచి నొక్కితే గ్రంథి ఆకారం మారుతుంది. ఎంఆర్‌ఐ నాడు ఖాళీగా ఉన్న మూత్రాశయం ఈరోజు నిండి ఉంటుంది. మనిషి కాస్త కదులుతాడు. అయస్కాంత క్షేత్రంతో ప్రోబ్ జాడ కనిపెట్టే రకమైతే పక్కన ఇనప మంచమో స్టీలు ట్రాలీయో ఉన్నా లెక్క తప్పుతుంది. ఇవన్నీ కలిసి కొన్ని మిల్లీమీటర్లు జరిగితే 6 మి.మీ. మచ్చ చేజారుతుంది. అందుకే ఫ్యూజన్ ఉన్నా ఒక్కో మచ్చ నుంచి మూడు నాలుగు ముక్కలు తియ్యాల్సిందే.

2018లో వెలువడ్డ ప్రెసిషన్ పరిశోధనలో 500 మంది ఉన్నారు. ముందు ఎంఆర్‌ఐ చూసి, అనుమానం ఉంటే ఆ చోటే పొడిచే పద్ధతికి కేటాయించినవాళ్లలో 38 శాతం మందికి పట్టించుకోవాల్సిన క్యాన్సర్ బయటపడింది. పాత పద్ధతిలో అన్నివైపులా పొడిచినవాళ్లలో అది 26 శాతం. ఎంఆర్‌ఐ బృందంలో అనుమానం ఏమీ కనబడక అసలు సూది పోటే అక్కర్లేకపోయినవాళ్లు 28 శాతం. దీన్ని చూపించి ఫ్యూజన్ యంత్రం అమ్ముతారు. కానీ ఆ పరిశోధనలో యంత్రంతో బొమ్మలు కలిపినవాళ్లూ ఉన్నారు, ఎంఆర్‌ఐ చూసి మనసులో గుర్తుపెట్టుకుని పొడిచినవాళ్లూ ఉన్నారు. నెదర్లాండ్స్‌లో జరిగిన ఫ్యూచర్ పరిశోధన ఈ పద్ధతుల్ని పోల్చి చూసింది, క్యాన్సర్ పట్టడంలో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. ఫలితం ఎక్కువగా వచ్చింది ముందు తీసిన మంచి ఎంఆర్‌ఐ నుంచి, దాన్ని చదవగలిగిన కంటి నుంచి. కాబట్టి మా మాట: ముందు ఎంఆర్‌ఐ, తర్వాతే సూది అన్న వరస అన్నిచోట్లా ఖాయం చెయ్యండి. సూది తర్వాత ఎంఆర్‌ఐ తీస్తే లోపల గడ్డకట్టిన రక్తం బొమ్మను చెరుపుతుంది, ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. ప్రొస్టేట్ ఎంఆర్‌ఐలు చదివే ఇద్దరికి సరైన శిక్షణ ఇప్పించండి. మలద్వారం గుండా కాకుండా మూలాధారం (వృషణాలకు, మలద్వారానికి నడుమ ఉన్న చోటు) చర్మం గుండా సూది పంపే పద్ధతి నేర్పించండి, రక్తంలోకి ఇన్‌ఫెక్షన్ పాకే భయం తగ్గుతుంది. ఇవి కుదిరాక, కేసులు బాగా పెరిగాక ఫ్యూజన్ కొంటే దాని విలువ దానికి దక్కుతుంది. కాలేయంలో సీటీకి కనిపించి అల్ట్రాసౌండ్‌కు కనిపించని గడ్డలకు కూడా అప్పుడు అక్కరకొస్తుంది.

చేతికి సాధన కావాలి, అది మనుషుల మీద కాకూడదు. తోలు తీసిన కోడి రొమ్ము ముక్కలో నానబెట్టిన బఠాణీ గింజ దూర్చి పైన గ్లోవ్ తొడిగితే చక్కటి బొమ్మ. మాంసం ముట్టని వాళ్లకు చైనాగ్రాస్ ఉంది: లీటరు నీళ్లలో 30 గ్రాములు వేసి బాగా మరిగించి, ఒక చెంచా ఇసబ్గోల్ కలిపితే కణజాలంలాంటి బూడిద రంగు తెర మీద వస్తుంది. నురుగు తీసేయాలి, లేకపోతే బుడగలన్నీ తెల్లగా మెరుస్తాయి. సగం పోసి గట్టిపడ్డాక ద్రాక్షలు పెట్టి మిగతాది పోయాలి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంటుంది. పాతిక ముప్పై పోట్ల తర్వాత సూది దారుల్లో గాలి నిండి తెల్లటి గీతలు పడతాయి, అప్పుడు ద్రాక్షలు తీసేసి మళ్లీ మరిగించి పోసుకోవచ్చు. ఈ దిమ్మ మీద చెయ్యి కుదిరాకే పీజీ విద్యార్థి రోగి దగ్గరకు రావాలి.

అధికారులకు ఒక విన్నపం. రాష్ట్ర వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ ద్వారా స్కానింగ్ యంత్రం కొనేటప్పుడు గైడ్ బ్రాకెట్లు, స్టెరైల్ ప్రోబ్ తొడుగులు, స్టెరైల్ జెల్, ఏడాదికి సరిపడా సూదులు అదే టెండర్‌లో పెట్టండి. యంత్రం వచ్చి సూదులు రాని ఆసుపత్రిలో ఆ యంత్రం గర్భిణుల స్కానింగ్‌కే పరిమితమవుతుంది. సూది పరీక్ష గదిలో చిన్న యంత్రం పెట్టాలంటే లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద రిజిస్ట్రేషన్ కావాలి, కావాల్సిందే కూడా. కానీ ఆ కాగితాల పనికి భయపడి గడ్డలను చేత్తో తడిమి గుడ్డిగా పొడవడం సరికాదు. సమ్మతి పత్రం తెలుగులో, సరిహద్దు నుంచి వచ్చేవాళ్ల కోసం తమిళంలోనూ ఉండాలి. ఇంగ్లిష్ కాగితం మీద వేలిముద్ర సమ్మతి కాదు.

రేడియాలజీ, పెథాలజీ వాళ్లు వారానికి గంటసేపు కలిసి కూర్చోవడం అన్నిటికంటే చవక. తెర మీద క్యాన్సర్ అని 95 శాతం అనుమానించిన రొమ్ము గడ్డకు ముక్క పరీక్షలో ‘మామూలు కణజాలం’ అని వస్తే, దాన్ని మంచి వార్తగా చెప్పి పంపకూడదు. సూది గడ్డలో పడలేదనే ముందు అనుకోవాలి, మళ్లీ తియ్యాలి. ఈ పోలిక కుదరాలంటే పంపే కాగితం మీద ‘రొమ్ము గడ్డ, బయాప్సీ’ అని రాస్తే చాలదు. ఎడమా కుడా, గడియారంలో ఎన్ని గంటల దిక్కు, చనుమొన నుంచి ఎన్ని సెంటీమీటర్లు, గడ్డ కొలత, అనుమానం ఎంత, ఎన్ని ముక్కలు అన్నీ ఉండాలి.

పాఠకులకు కొన్ని సంగతులు. సూది పొడిస్తే గడ్డ ముదురుతుందన్న భయంతో నెలలు గడపకండి. రొమ్ము, థైరాయిడ్ గడ్డల్లో ఆ భయానికి ఆధారం లేదు. సూదితో పొడవకూడని గడ్డలు కొన్ని నిజంగానే ఉన్నాయి. వృషణంలో గడ్డను, తొలిదశలో ఉందనిపించే అండాశయపు గడ్డను సూదితో ముట్టరు. కండలో పెరిగిన పెద్ద గడ్డకైతే ఆపరేషన్ చేసే డాక్టర్ చెప్పిన దారిలోనే సూది పోవాలి, ఎందుకంటే తర్వాత ఆ దారినీ కోసి తీసేయాల్సి రావచ్చు. రక్తం పలచబరిచే మాత్రలు వేసుకునేవాళ్లు ఆ మాట ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. కాలేయం, కిడ్నీ పరీక్షలకు కొన్నింటిని కొన్ని రోజులు ఆపాల్సి రావచ్చు. రొమ్ముకు, థైరాయిడ్‌కు సాధారణంగా ఆపనక్కర్లేదు. గుండెలో స్టెంట్ ఉన్న మనిషికి చిన్న సూది కోసం మాత్ర ఆపించడం సూది కంటే ప్రమాదం.

పరీక్ష అయ్యాక వేలూరుకో చెన్నైకో వెళ్లాలనుకుంటే రిపోర్టు కాగితం ఒక్కటే పట్టుకెళ్లి ఊరుకోకండి. స్లైడ్లు, వాటితో పాటు మీ ముక్కను మైనంలో పోసి చేసిన పారాఫిన్ బ్లాక్ అడిగి, సంతకం పెట్టి తీసుకోండి. అక్కడ మిగతా పరీక్షలు దాని మీదే చేసుకోవచ్చు, చాలాసార్లు రెండోసారి పొడిపించుకోనక్కర్లేదు. స్కాన్ బొమ్మలు కూడా సీడీలో ఇమ్మనండి. బ్లాక్ మామూలు గదిలో ఏళ్లపాటు నిలుస్తుంది, కానీ ఆ మైనం 56 నుంచి 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది. మే నెల మధ్యాహ్నం ఎండలో ఆగిన కారు అద్దం కింద దాన్ని పెట్టి దర్శనానికి వెళ్లొద్దు.

ఇట్లు,
కొందరు రేడియాలజీ, పెథాలజీ వైద్యులు,
తిరుపతి.